తడి గోడ నుంచి రంగు కాగితం దాకా
బినోద్‌బిహారీ ముఖర్జీ చేతిలో మాధ్యమాలు

చిత్రలేఖనంలో మాధ్యమం అంటే స్థూలంగా మూడింటి కలయిక: రంగునిచ్చే పొడి, ఆ పొడిని పట్టి ఉంచే బంధకం, ఆ రెండింటినీ మోసే ఆధారం. నీటిరంగులో తుమ్మజిగురు, టెంపెరాలో గుడ్డు పచ్చసొన, తైలవర్ణంలో అవిసెనూనె బంధకంగా పనిచేస్తాయి; తడి సున్నపు గోడమీద వేసే ఫ్రెస్కోలో మాత్రం వేరే జిగురంటూ ఉండదు, గోడే రంగును తనలో కలుపుకొంటుంది. ఇదంతా రంగులు నూరుకొనే పనికి సంబంధించిన విషయంగానే పైకి కనిపిస్తుంది. కానీ రంగు ఎంతసేపటిలో ఆరుతుంది, వేసిన గీతను చెరపనిస్తుందా, ఒక పూత మీద మరొక పూత నిలుస్తుందా అన్న ప్రశ్నలకు ఒక్కో మాధ్యమం ఒక్కో జవాబు చెబుతుంది కాబట్టి, చిత్రకారుడు దేని తరువాత దేనిని ఆలోచించాలో, ఎక్కడ తొందరపడాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించేది చాలావరకు అదే.

ఈ సత్యాన్ని ఒక్క జీవితంలోనే సమగ్రంగా చూపగల భారతీయ చిత్రకారుల్లో బినోద్‌బిహారీ ముఖర్జీ (1904-1980) ముందు వరుసలో ఉంటారు. కలకత్తా శివారు బెహాలాలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, అక్కడే అధ్యాపకుడైన ఈ బెంగాలీ చిత్రకారుడు నీటిరంగు, టెంపెరా, సిరా, చెక్క అచ్చు, కుడ్యచిత్రం వంటి మాధ్యమాలలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశారు. 1957లో కంటి శస్త్రచికిత్స విఫలమై చూపు పూర్తిగా పోయిన తరువాత కాగితపు కత్తిరింపులు, మైనపు బొమ్మలు, రాతి అచ్చులు, పింగాణీ పలకల గోడచిత్రం చేశారు. చూపు పోయినా బొమ్మలు వేసిన అద్భుత పురుషుడిగానే ఆయన్ను పరిచయం చేయడం ఆనవాయితీ అయింది. ఆ పరిచయం ఆయనకు న్యాయం చేయదు, ఎందుకంటే అంధత్వం తరువాతి పనిని అది ఆకాశం నుంచి ఊడిపడినట్టు చూపిస్తుంది. నిజానికి అంతకు ముందు ఒక్కో మాధ్యమం ఆ చేతికి అలవరచిన క్రమశిక్షణే, కళ్లు సహకరించనప్పుడు ఆయనకు ఆధారమైంది.

పుట్టుకతోనే ఆయనకు ఒక కంట చూపు లేదు; రెండో కన్ను తీవ్రమైన హ్రస్వదృష్టితో దగ్గరి వస్తువులను మాత్రమే స్పష్టంగా చూడగలిగేది. అటువంటి బాలుడు చిత్రకళ నేర్చుకోవడం సాధ్యమా అని శాంతినికేతన్ చిత్రకళా విద్యాలయమైన కళాభవన్‌లో గురువు నందలాల్ బోస్ మొదట సందేహించగా, ఆసక్తి ఉన్నప్పుడు అడ్డుపడవద్దని రవీంద్రనాథ్ ఠాకూర్ చెప్పడంతో ఆయనకు చోటు దొరికింది. కళాభవన్ 1919లో మొదలైంది. బినోద్‌బిహారీ దాని తొలి విద్యార్థుల్లో ఒకరు, 1925 నుంచి అక్కడే అధ్యాపకుడు.

ఆనాటికి బెంగాల్ చిత్రకళలో రాజ్యమేలుతున్న పద్ధతి ‘వాష్’. జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో 1903లో కలకత్తా వచ్చినప్పుడు వారి పనిని గమనించి అవనీంద్రనాథ్ ఠాకూర్ రూపొందించుకొన్న ఈ పద్ధతిలో, నీటిరంగు పూసిన కాగితాన్ని మళ్లీ మళ్లీ నీటిలో ముంచి తీసి ఆరబెట్టి, దానిపై మరో పలుచని పూత వేస్తారు. అలా పొరలు పేరుకొనేకొద్దీ అంచులు కరిగి, బొమ్మ అంతటా మంచుతెర వంటి మెత్తదనం పరచుకొంటుంది. పురాణ పాత్రలకు, విరహానికి, స్వప్నానికి ఈ మెత్తదనం సరిపోయింది. బినోద్‌బిహారీ చూసిన నేల అటువంటిది కాదు. శాంతినికేతన్ ఉన్న బీర్‌భూమ్ జిల్లాలో వానలు కోసివేసిన ఎర్రని గరపనేల గండ్లుగా, దిబ్బలుగా చీలి ఉంటుంది. స్థానికులు దాన్ని ‘ఖోయాయ్’ అంటారు. తాటిచెట్లు, బక్కచిక్కిన పొదలు, సంతాల్ పల్లెలు, విశాలమైన శూన్యం తప్ప అక్కడ కథగా చెప్పుకోదగిన సంఘటన ఏదీ ఉండదు. ఈ నేలను కరిగిపోయే పూతలతో చెప్పడం కుదరదని గ్రహించిన ఆయన, కాగితాన్ని ముంచే అలవాటును వదిలి, ఒక్క తడవలో పడిన కుంచె గుర్తును ఉన్నదున్నట్టు నిలిపే నీటిరంగు వైపు, గట్టి రంగు తలాలనిచ్చే టెంపెరా వైపు మళ్లారు. దేవతలు, పురాణ నాయకులు ఆయన చిత్రాల్లో అరుదుగా కనిపించడానికి ఈ ఎంపికతో సంబంధం ఉంది.

టెంపెరా స్వభావం చాలామందికి పరిచయం లేదు కాబట్టి కొంత వివరించడం అవసరం. పచ్చసొనతో గానీ జిగురుతో గానీ కలిపిన రంగు నిమిషాల్లో ఆరిపోతుంది, తైలవర్ణంలో లాగా రెండు రంగులను బొమ్మమీదే కలిపి నునుపు చేయడానికి వ్యవధి ఇవ్వదు. అందువల్ల వెలుగునీడలను సన్నని గీతల అల్లికతోనో, పక్కపక్కన పేర్చిన తలాలతోనో సాధించాలి. ఏ తలం ఎక్కడ ముగుస్తుందో ముందే తెలిసి ఉండాలి. తైలవర్ణం శాంతినికేతన్‌లో ఎన్నడూ ప్రధాన మాధ్యమం కాకపోవడం వల్ల, అక్కడి విద్యార్థులు దిద్దుకోవడం మీద ఆధారపడకుండా నిర్ణయించుకోవడం మీద ఆధారపడడం నేర్చుకొన్నారు.

ఇరవై ఏళ్ల వయసులో, 1924లో, ఆయన శాంతినికేతన్ దృశ్యాలతో గీసిన ఒక చుట్టచిత్రం పొడవు 44 అడుగులకు పైమాటే, ఎత్తు మాత్రం కొద్ది అంగుళాలు. చుట్టచిత్రం అంటే గోడకు తగిలించేది కాదు. రెండు చేతులతో పట్టుకొని ఒక వైపు విప్పుతూ మరో వైపు చుడుతూ, మూరెడు మూరెడుగా చూసేది. మొత్తం ఒకేసారి ఎప్పుడూ కనిపించని బొమ్మ అది. దూరపు దృశ్యాన్ని ఒక్క చూపులో పట్టలేని కంటికి ఈ రూపం ఎంత సహజంగా అమరిందో ఆలోచించవలసిన విషయం. దగ్గరగా వంగి, ఇప్పుడు గీస్తున్న చోటును మాత్రమే చూస్తూ, గీసేసినదాన్ని జ్ఞాపకంలోనూ గీయబోయేదాన్ని ఊహలోనూ ఉంచుకొని ముందుకు సాగే అలవాటు ఆయనకు ఇక్కడే పడింది. ఇరవై ఏళ్ల తరువాత శాంతినికేతన్ హిందీ భవన్‌లో ఆయన వేసిన గోడచిత్రానికి పునాది ఈ చుట్టల్లోనే ఉందని చెప్పడానికి సందేహించనక్కరలేదు.

1937-38లో జపాన్ వెళ్లిన బినోద్‌బిహారీ అక్కడ తోబా సోజో, సెష్షూ, సొతాత్సుల చిత్రాలను శ్రద్ధగా అధ్యయనం చేశారు. సిరా, కుంచె మాత్రమే సాధనాలుగా గల ఆ సంప్రదాయంలో కాగితం సిరాను పడిన మరుక్షణమే పీల్చుకొంటుంది. చేయి ఎక్కడ తడబడిందో, ఎక్కడ వేగం తగ్గిందో అన్నీ అందులో నమోదవుతాయి. గీతను కంటితో నడపడం కంటే భుజంతో, మణికట్టుతో, ఊపిరితో నడపడం ముఖ్యమని ఆ మాధ్యమం నేర్పుతుంది. తిరిగి వచ్చాక ఆయన గీసిన పూలు, చెట్లు, మనుషులలో కుంచె రాత యొక్క చలనం స్పష్టంగా ఉంది. చెక్క అచ్చులు కూడా ఇదే దశకంలో ఆయన చేశారు. తెల్లగా ఉండవలసినదాన్ని చెక్కి తీసివేసి, మిగిలిన ఎత్తుకు సిరా రాసి కాగితం మీద ఒత్తే ఆ పనిలో బొమ్మ కుడియెడమలుగా మారి అచ్చవుతుంది గనుక, ఉన్నదాన్ని తిరగేసి ఊహించే సాధన దానివల్ల కలుగుతుంది.

గోడ చెప్పిన పాఠం

శాంతినికేతన్‌లో గోడచిత్రాలకు ఒక ప్రత్యేకమైన నేపథ్యం ఉంది. అజంతా చిత్రాల నకళ్లు తీయడానికి బ్రిటిష్ చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ బృందంతో వెళ్లివచ్చిన నందలాల్ బోస్, ఆమె ఇంగ్లీషులోకి అనువదించిన ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీనీ పాత పనిపుస్తకాన్ని ఆధారం చేసుకొని ప్రయోగాలు చేయించారు. జైపూర్ నుంచి నరసింహలాల్ అనే మేస్త్రీని రప్పించి రాజస్థానీ పద్ధతినీ నేర్పించారు. జైపూరీ పద్ధతిలో సున్నంలో పాలరాతి పొడి కలిపి పూసి, తడిగా ఉండగానే రంగువేసి, తాపీతో మృదువుగా అద్ది, చివరకు నునుపురాయితో రుద్ది మెరుగు పెడతారు. గోడ అద్దంలా నిగనిగలాడుతుంది. ఇటాలియన్ పద్ధతిలో ఆ మెరుగు ఉండదు, కానీ కుంచె గుర్తు నిలుస్తుంది. బినోద్‌బిహారీకి కావలసింది ఆ గుర్తే.

ఆయన పెద్ద పనుల్లో మొదటిది 1940లో కళాభవన్ విద్యార్థి వసతిగృహం పైకప్పు మీద వేసిన బీర్‌భూమ్ పల్లె దృశ్యం. మధ్యలో ఒక చెరువు, దాని చుట్టూ చెట్లు, ఇళ్లు, పశువులు, మనుషులు అన్ని దిక్కులకూ విస్తరించి ఉంటాయి. పైకప్పుకు పైన, కింద అనేవి లేవు. గదిలో ఎక్కడ నిలబడి తల ఎత్తితే అక్కడి నుంచి బొమ్మ మొదలవుతుంది. ఒకే కోణం నుంచి చూసే దూరదృశ్య నియమాన్ని ఆయన సిద్ధాంతం కోసం వదిలిపెట్టలేదు, పైకప్పు ఆ నియమానికి ఒదగదు కాబట్టి వదిలిపెట్టారు. 1942లో చీనా భవన్‌లో శాంతినికేతన్ నిత్యజీవితాన్ని చిత్రించారు. ఆ తరువాత వచ్చినది హిందీ భవన్ గోడచిత్రం. 1946-47లో పూర్తయిన ఈ పనిని స్వతంత్ర భారతం తొలిగడపలో వెలసిన అత్యున్నత కుడ్యచిత్రంగా భావించడంలో అతిశయోక్తి లేదు.

విషయం మధ్యయుగపు భక్తులు, సంతులు. హాలు మూడు గోడల పైభాగాన్ని ఆవరించిన ఈ చిత్రంలో రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద్‌సింగ్ వంటివారు కనిపిస్తారు, కానీ ఎవరికీ వేరే చట్రం, వేరే పీఠం లేవు. నేతపనివారు, బాటసారులు, తల్లులు, పిల్లలు, స్నానఘట్టాల మీది జనం, గుర్రాలు, ఇళ్లు కలిసి ఒక ప్రవాహంగా సాగుతుంటే, వారి నడుమ సంతులు కాస్త పొడుగ్గా, మౌనంగా నిలిచి ఉంటారు.

దీనికి ఆయన ఎంచుకొన్నది నిజమైన ఫ్రెస్కో, అంటే తడి సున్నంపై చిత్రించడం. సున్నపురాయిని కాల్చి నీటిలో ఊరవేసి ఇసుకతో కలిపిన గచ్చును గోడకు పూసి, అది తడి ఆరకముందే నీటిలో కలిపిన రంగును వేస్తే, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని తిరిగి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే రాయిగా గట్టిపడే క్రమంలో రంగు రేణువులను తన స్ఫటికాల మధ్య బంధిస్తుంది. రాయిలో కలిసిన రంగు నీటికి పోదు. ఈ మన్నికకు చెల్లించవలసిన మూల్యం పెద్దది. సున్నపు క్షారాన్ని తట్టుకొనే జేగురు, పసుపుమన్ను వంటి మట్టిరంగులే ఎక్కువగా పనికివస్తాయి. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు ఆరాక పాలిపోతుంది కాబట్టి ఆరిన తరువాతి రంగును తడిలోనే ఊహించాలి. అన్నిటికీ మించి, ఉదయం మేస్త్రీ పూసిన మేరకు ఆ రోజే పూర్తిచేయాలి, మిగిలిన గచ్చును గీకి పారేయాలి, తప్పు దొర్లితే ఆ ముక్కను పగలగొట్టి మళ్లీ పూయాలి.

సాధారణంగా ఫ్రెస్కో చిత్రకారులు ఈ భయం వల్లనే గోడకు సరిసమానమైన కొలతలో కాగితంపై పూర్తి రేఖాచిత్రం వేసుకొని, దాని గీతల వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గుపొడి అద్ది గోడమీదికి దించుకొంటారు. బినోద్‌బిహారీ అలా చేయలేదు. చిన్న నమూనాలు దగ్గర ఉంచుకొని నేరుగా తడి గోడపై చిత్రించారు. భార్య లీల, జితేంద్రకుమార్, కె.జి. సుబ్రమణియన్ తదితరులు సహాయకులుగా ఉన్నారు. అంత పెద్ద గోడను దూరంగా జరిగి ఒక్కసారిగా పరికించగల చూపు ఆయనకు లేదు. ఎత్తైన పరంజా మీద, ముఖం గోడకు దగ్గరగా పెట్టి, ఆ రోజుకు కేటాయించిన తడిముక్కను మాత్రమే చూస్తూ, అది మొత్తంలో ఎక్కడ ఇముడుతుందో మనసులోనే లెక్కించుకొంటూ పనిచేశారు. పొలంలో చాలు వెంట చాలు దున్నుకుపోయే రైతుకు మడి మొత్తం ఆకారం కాళ్లకే తెలిసినట్టు, ఆ గోడ ఆకారం ఆయన చేతికి తెలిసింది. చుట్టచిత్రంలో పడిన అలవాటు, సిరా నేర్పిన తిరుగులేని గీత, టెంపెరా నేర్పిన ముందస్తు నిర్ణయం మూడూ హిందీ భవన్‌లో ఒకచోట చేరాయి. కావలసినంతసేపు దిద్దుకోనిచ్చే తైలవర్ణంలోనే ఆయన జీవితమంతా గడిచి ఉంటే ఈ గోడ ఇలా ఉండేది కాదు.

చూపు పోయిన తరువాత

1940ల చివర శాంతినికేతన్ వదిలి నేపాల్ వెళ్లి కాఠ్మండూ మ్యూజియం బాధ్యతలు చూసిన ఆయన, తరువాత రాజస్థాన్‌లోని బనస్థలి విద్యాపీఠ్‌లో, ముస్సోరీలో పనిచేశారు. 1957లో చూపు పోయింది. మరుసటి ఏడాది కళాభవన్‌కు తిరిగివచ్చి కళాచరిత్ర బోధించడం మొదలుపెట్టారు. అప్పటికి వయసు యాభై దాటింది.

ఆ తరువాతి పనిని మాధ్యమాల పరంగా చూస్తే ఒక కచ్చితమైన తర్కం కనిపిస్తుంది. పూత మీద పూత వేసే నీటిరంగు, టెంపెరా వంటివాటిలో చేయి చేసినదాన్ని కన్ను వెంటవెంటనే సరిచూడాలి, కాబట్టి అవి ఇక సాధ్యం కావు. అయితే గీత సాధ్యమే, ఎందుకంటే సిరాతో చేసిన సాధన వల్ల గీత అప్పటికే కంటి పని కాకుండా చేతి పని అయిపోయింది; కాగితం అంచులను వేళ్లతో తడిమి స్థలాన్ని గుర్తుపెట్టుకొంటూ కూర్చున్న, పడుకొన్న, వంగిన మనుషుల ఆకృతులను ఆయన గీస్తూ వచ్చారు. మైనంతో చేసిన చిన్న బొమ్మలు పూర్తిగా స్పర్శకు చెందినవి. రాతి అచ్చు, అంటే జిడ్డు పెన్సిలుతో నున్నని సున్నపురాతిపై గీసి, జిడ్డు ఉన్నచోట మాత్రమే సిరా అంటేలా చేసి కాగితానికి ఎక్కించే లిథోగ్రాఫ్ కూడా గీత మీదే ఆధారపడినది.

వీటన్నిటికంటే లోతైనవి కాగితపు కత్తిరింపులు. రంగు కాగితాలను మడిచి, కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అతికించి రూపం తెచ్చే ఈ పనిలో గీత అంచుగా మారుతుంది, అంచును వేలితో తడిమి చూడవచ్చు. ఏ కాగితం ఏ రంగుదో పక్కనున్నవారు చెప్పాలి. ఆ రంగు పక్కన ఏ రంగు ఉండాలో మాత్రం యాభై ఏళ్ల జ్ఞాపకమే చెప్పాలి. ఫ్రాన్సులో అనారోగ్యంతో మంచం పట్టిన హెన్రీ మాటిస్ అంతకు కొన్నేళ్ల ముందు రంగు కాగితాలను కత్తిరించి గొప్ప చిత్రాలు చేశారు, రెంటినీ పోల్చడం పరిపాటి. పోలిక ఉపరితలం వరకే నిలుస్తుంది. మాటిస్ తన ముక్కలను గోడపై అటూ ఇటూ జరిపి చూసుకొని తృప్తిపడగలిగేవారు. బినోద్‌బిహారీకి ఆ అవకాశం లేదు, అందుకే ఆయన కత్తిరింపుల్లో ఆకారాలు తక్కువ, బరువైనవి, ఒకదానికొకటి ఆనుకొని ఉండేవి. తడి సున్నంపై ఆరబోయే రంగును ఊహించిన మనసుకు, కనిపించని కాగితం రంగును ఊహించడం కొత్త విద్య కాదు. అంధత్వాన్ని ఆయన లోటుగా కాక ఒక కొత్త అనుభవంగా పరిగణించారన్నది ఆయన రాతల వల్ల తెలుస్తుంది. ఆ మాటను ఓదార్పుగా తీసుకోకుండా, మరో మాధ్యమంలోకి అడుగుపెట్టిన పనివాడి మాటగా అర్థం చేసుకోవాలి.

1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో ఆయన చేసిన కుడ్యచిత్రానికి మూలం ఈ కాగితపు ఆకారాలే. అదే ఏడాది వచ్చిన ‘ది ఇన్నర్ ఐ’ అనే లఘుచిత్రంలో సత్యజిత్ రాయ్ ఆ పనిని చూపించారు. 1940ల ఆరంభంలో కళాభవన్‌లో బినోద్‌బిహారీ దగ్గర చదువుకొన్న రాయ్, గురువు పట్ల జాలిని ఒక్క దృశ్యంలోనూ చొరబడనీయకపోవడం ఆ చిత్రానికి నిండుదనం తెచ్చింది. 1974లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకొన్న బినోద్‌బిహారీ 1980లో కన్నుమూశారు.

ఈ పరంపరకు తెలుగునాటితో నిజమైన సంబంధం ఉంది. హిందీ భవన్ పరంజా మీద సహాయకుడిగా ఉన్న సుబ్రమణియన్ తరువాత బరోడా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడై, మట్టిపలకలు, గాజు, బొమ్మలు, నేత ఏదీ చిత్రకారుడికి పరాయిది కాదన్న దృక్పథాన్ని ఒక బోధనా పద్ధతిగా మలిచారు. లక్నో రవీంద్రాలయంపై 1963లో ఆయన చేసిన మట్టిపలకల భారీ కుడ్యచిత్రం అందుకు తొలి సాక్ష్యం. అదే కాలంలో హైదరాబాద్ లలితకళల కళాశాల నుంచి బరోడా వెళ్లి ఆయన వద్ద చదివినవారు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్. రాగిరేకుపై ఆమ్లంతో గీతలు కొరికించి అచ్చుతీసే ఎచింగ్, సిరా, పాస్టెల్, గాజు వెనుక నుంచి వేసే చిత్రం, కాల్చిన మట్టి, కంచు మధ్య ఆయన చేయి ఎంత స్వేచ్ఛగా తిరిగిందో తెలుగు కళాభిమానులకు తెలుసు. కొన్నేళ్ల తరువాత కరీంనగర్ ప్రాంతం బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం కూడా బరోడాలో సుబ్రమణియన్ వద్దే చదివారు. బినోద్‌బిహారీ కుమార్తె మృణాళినీ ముఖర్జీ సైతం అక్కడే చదివి, నారతాళ్లను ముడివేసి మనిషి ఎత్తును మించిన శిల్పాలు చేశారు. తెలంగాణ పల్లె మనుషులు లక్ష్మాగౌడ్, వైకుంఠం చిత్రాల్లో అంత దృఢంగా నిలబడడానికి కారణం వస్తువు ఒక్కటే కాదు, ఎంచుకొన్న పదార్థం మాట వినే ఈ శిక్షణ కూడా.

ఆ శిక్షణ ఇవాళ మన లలితకళా విభాగాల్లో పలచబడుతోంది. డబ్బాలో కొన్న ఆక్రిలిక్ రంగు, దుకాణంలో బిగించి ఇచ్చిన కాన్వాసు విద్యార్థికి పని సులువు చేస్తాయి గాని, రంగు ఎక్కడి నుంచి వస్తుందో, దేనివల్ల నిలుస్తుందో చెప్పవు. మరోవైపు సిమెంటు వచ్చాక సున్నపు గచ్చు పని తెలిసిన మేస్త్రీలు ఊళ్లలో తగ్గిపోతున్నారు. వారు ఉండగానే హైదరాబాద్, విశాఖపట్నం కళాశాలలు వారిని అధ్యాపకులుగా పిలిచి, ప్రతి విద్యార్థి చేత కనీసం ఒక చదరపు గజం గోడకు సున్నం పూయించి, మట్టిరంగు నూరించి, అది ఆరేలోగా ఒక బొమ్మ పూర్తి చేయించాలి. జైపూర్ మేస్త్రీని పిలిపించి నందలాల్ బోస్ చేసిన పని అదే. దానికి కావలసినది పెద్ద నిధి కాదు, ఒక గోడ, ఒక మేస్త్రీ, పాఠ్యప్రణాళికలో కొంత చోటు.